గస్తీ విమానంలో మీ సీటు ఏది? తిరుపతి, చిత్తూరు పిల్లల కోసం ఒక పోలిక

తిరుపతిలో చెన్నై రైలు ఎక్కితే రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి దాటి అరక్కోణం వచ్చేస్తుంది. రెండు గంటలు కూడా పట్టదు. చిత్తూరు వాళ్లకు కాట్పాడి మీదుగా దారి. ఆ అరక్కోణం పక్కనే ఐఎన్‌ఎస్ రాజాలి ఉంది. 1992 మార్చి 11న మొదలైన నౌకాదళ వైమానిక స్థావరం అది. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై ఎయిర్‌పోర్టు మునిగినప్పుడు ప్రయాణికుల విమానాలు కొన్నాళ్లు దిగింది ఇక్కడే. సముద్రం మీద తిరిగి ఓడల్ని గమనించే, నీళ్ల కింద జలాంతర్గాముల్ని వెతికే పీ-8ఐ విమానాలు మన దేశంలో మొదట దిగింది కూడా ఇక్కడే, 2013 మేలో.

ఇంత దగ్గర్లో ఇలాంటి ఉద్యోగం ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లేమో, డోర్నియర్ అనే చిన్న గస్తీ విమానం కూడా ఉందని విని, "అన్నా, పీ-8ఐ మంచిదా, డోర్నియర్ మంచిదా?" అని మొదలుపెడతారు. దానికి జవాబు చెప్పొచ్చు, కింద చెప్పాను కూడా. కానీ మీ నిర్ణయానికి అది పెద్దగా పనికిరాదు. మీకు ఏ విమానం ఇవ్వాలో, ఏ ఊరికి పంపాలో చూసుకునేది దళమే. మీ చేతిలో ఉన్నవి రెండు: నేవీనా కోస్ట్ గార్డా, విమానంలో ఏ సీటు. రెండోదే అసలు ప్రశ్న. మన దగ్గర ఎవరూ అడగనిది కూడా అదే.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడండి

యుద్ధ విమానం అనగానే మనకు గుర్తొచ్చేది గాల్లో పల్టీలు కొట్టే ఫైటర్. గస్తీ స్క్వాడ్రన్‌లో రోజు అలా గడవదు. ఎగరడానికి ముందు గంటల తరబడి బ్రీఫింగ్ ఉంటుంది: ఈరోజు ఏ ప్రాంతం, అక్కడ వాతావరణం ఏంటి, మన ఓడలు ఎక్కడున్నాయి, దేనికోసం వెతుకుతున్నాం. తర్వాత ఆ ప్రాంతానికి చేరి, రాడార్ ఆన్ చేసి, ఒక్కో చుక్క ఏ ఓడో తేల్చుకుంటూ పోవడం. పెద్ద వాణిజ్య నౌకలన్నీ తమ పేరు, దిక్కు, వేగం చెప్పే ఏఐఎస్ అనే సిగ్నల్ పంపుతూ ఉంటాయి. రాడార్‌లో కనిపించిన ఓడకు ఏఐఎస్ ఉంటే సరిపోల్చుకుని ముందుకు పోతారు. రాడార్‌లో ఉండి ఏఐఎస్ లేకపోతే దగ్గరికెళ్లి చూస్తారు, ఫొటో తీస్తారు, రేడియోలో పలకరిస్తారు. అన్నీ రాసుకుంటారు. అలా గంటలు. దిగాక మళ్లీ డీబ్రీఫింగ్, రిపోర్టు. విమానానికి మంచినీళ్ల స్నానం కూడా ఉంటుంది, ఎందుకంటే సముద్రం మీద కిందుగా ఎగిరొచ్చిన విమానాన్ని కడక్కుండా వదిలేస్తే ఉప్పు దాని ఒళ్లు తినేస్తుంది.

నూటికి తొంభై సార్లు చెప్పుకోదగ్గది ఏదీ జరగదు. తిరుమలలో కంపార్ట్‌మెంట్లో కూర్చుని గేటు ఎప్పుడు తీస్తారో తెలియకుండా, అయినా చెవులు రిక్కించి ఉంటాం చూడండి, ఆ రకం ఓపిక కావాలి. తేడా ఏంటంటే ఇక్కడ నిద్రపోతే కుదరదు.

మరి ఏమీ జరగని ఈ గస్తీ ఎందుకు? మామూలు రోజున సముద్రం ఎలా ఉంటుందో తెలిస్తేనే మామూలుగా లేనిది కంటికి ఆనుతుంది. 2024 జనవరిలో సోమాలియా దగ్గర లీలా నార్‌ఫోక్ అనే ఓడను దొంగలు ఎక్కారని కబురు రాగానే నౌకాదళ గస్తీ విమానం దాని మీదికెళ్లి, కనిపెడుతూ ఉండి, మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ చెన్నై చేరేదాకా వదల్లేదు. అందులో ఉన్న 21 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు, వాళ్లలో 15 మంది మనవాళ్లే. 2014లో మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైనప్పుడూ, 2016 జులైలో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 కనిపించకుండా పోయినప్పుడూ పీ-8ఐలు రోజుల తరబడి వెతికాయి. రెండుసార్లూ అంత వెతికినా విమానం దొరకలేదు. ఏఎన్-32 శకలాలు సముద్రం అడుగున, 3,400 మీటర్ల లోతులో కనపడ్డాయని తేలింది 2024 జనవరిలో, అదీ నీటి అడుగున తిరిగే యంత్రం తీసిన ఫొటోల వల్ల. వెతికి ఉత్తచేతులతో రావడం ఈ ఉద్యోగంలో భాగమే.

ఇక జలాంతర్గామి వేట. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీటు ఎంచుకునేది దీన్ని బట్టే. విమానం నుంచి సోనోబాయ్ అనే గొట్టాన్ని వదులుతారు. మూడడుగుల పొడవు, చేతికి ఎత్తుకునేంత బరువు. చిన్న పారాచూట్‌తో నీళ్లలో పడుతుంది. పడగానే రెండుగా విడిపోతుంది. పైభాగం యాంటెన్నాతో తేలుతూ ఉంటే, కింది భాగం తీగకు వేలాడుతూ మైకును లోతుకు దించుతుంది. ఆ మైకుకు వినిపించింది రేడియోలో పైకి వస్తుంది. కొన్ని గంటలయ్యాక బ్యాటరీ అయిపోయి తనంతట తానే మునిగిపోతుంది. ఇలాంటివి వరసగా, ఒక లెక్క ప్రకారం వేస్తారు. విమానంలో కూర్చున్న మనిషి తెర మీద గీతలు చూస్తూ, ఇది చేపల పడవ ఇంజన్, ఇది పెద్ద ఓడ ప్రొపెల్లర్, ఇది తిమింగలం, మరి ఇదేంటి, అని తేల్చుకోవాలి.

మన బంగాళాఖాతంలో ఇది ఇంకా కష్టం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ నీళ్లన్నీ వచ్చి పడేది ఇందులోనే కాబట్టి పైపొరలో ఉప్పదనం తక్కువ, కింద ఎక్కువ. ఉప్పదనం, వేడి మారే చోట శబ్దం దారి వంగిపోతుంది. ఆ పొర కింద దాక్కున్న జలాంతర్గామి మోత పైకి సరిగ్గా చేరదు. మైకు ఎంత లోతుకు దించాలో తెలిసిన మనిషి ఉంటేనే ఖరీదైన విమానం పనికొస్తుంది.

ముందు సీటా, వెనక సీటా

మనవాళ్లకు తెలిసింది పైలట్ ఒక్కటే. అది గౌరవమైన పనే, అందులో సందేహం లేదు. కానీ గస్తీ విమానంలో ఎటు వెళ్లాలి, సోనోబాయ్‌లు ఎక్కడ వేయాలి, కనిపించింది శత్రువా కాదా అని తేల్చేది వెనక కన్సోల్ ముందు కూర్చున్న ఆఫీసర్. వీళ్లను ఇంతకుముందు అబ్జర్వర్ అనేవాళ్లు, ఇప్పుడు నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్, పొట్టిగా ఎన్ఏఓఓ. వాళ్లలో ఒకరు ట్యాక్టికల్ కోఆర్డినేటర్‌గా, అంటే టాకోగా, మొత్తం వేటను నడిపిస్తారు. పైలట్ విమానాన్ని నడిపితే, పనిని నడిపేది టాకో.

చేరే దారి రెండింటికీ దాదాపు ఒకటే. షార్ట్ సర్వీస్ కమిషన్‌కు, అంటే కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసర్ ఉద్యోగానికి, ఏ బ్రాంచ్ అయినా సరే బీటెక్‌లో 60 శాతం, పదిలోనూ ఇంటర్‌లోనూ 60 శాతం, ఇంగ్లీషులో 60 శాతం అడుగుతారు. తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అంటే ఎస్‌ఎస్‌బీ, ఇంటర్వ్యూ. ఎంపికైతే కేరళలోని ఎజిమల అకాడమీలో శిక్షణ. అక్కణ్నుంచి దారులు చీలతాయి. పైలట్లు విమానం నడపడం మొదట్నుంచి నేర్చుకుని, గస్తీ వైపు వచ్చేవాళ్లు కొచ్చిలో డోర్నియర్ మీద శిక్షణ పూర్తిచేస్తారు. ఎన్ఏఓఓలు కొచ్చిలోనే ఐఎన్‌ఎస్ గరుడలోని అబ్జర్వర్ స్కూల్‌కు పోతారు.

జీతంలో తేడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇద్దరికీ సబ్ లెఫ్టినెంట్‌గా మూల వేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500, దానిపైన ఫ్లయింగ్ అలవెన్స్. ఆ అలవెన్స్ కూడా ఇద్దరికీ సమానమే.

తేడా వచ్చేది మూడు చోట్ల. మొదటిది, పైలట్ కావాలంటే సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష పాస్ కావాలి. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే సైన్యంలో పైలట్ తలుపు ఇక మూసుకున్నట్టే. ఎన్ఏఓఓకు ఆ గండం లేదు. రెండోది, బయటికి వచ్చాక బతుకు. షార్ట్ సర్వీస్ ఎంత పొడిగించినా 14 ఏళ్లే, పెన్షన్ ఉండదు. నలభై లోపు బయటికి వస్తారు. పైలట్‌కు అప్పుడు ఎయిర్‌లైన్స్ ఉంది. సైన్యంలో ఎగిరిన గంటల్ని చూపించి, పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ పరీక్షలు రాసి సివిల్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు. పీ-8ఐ అసలు బోయింగ్ 737 మీద కట్టిన విమానమే కాబట్టి ఆ కాక్‌పిట్ కొత్తగా ఉండదు. బయట సొంత ఖర్చుతో కమర్షియల్ లైసెన్స్ తీసుకోవాలంటే అర కోటి పైనే అవుతుంది, అదీ ఉద్యోగం గ్యారంటీ లేకుండా. ఈ లెక్కలో పైలట్ సీటుదే పైచేయి. ఎన్ఏఓఓ పనికి బయట నేరుగా సరిపోయే లైసెన్స్ అంటూ ఏదీ లేదు. రక్షణ కంపెనీలు, సముద్ర భద్రత, లేదా ఎంబీఏ చేసి కొత్తగా మొదలుపెట్టడం. ఇది చిన్న విషయం కాదు, ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

మూడోది మనిషి తత్వం. ఎలక్ట్రానిక్స్ అంటే ఇష్టం ఉండి, ఒక గ్రాఫును గంటసేపు చూసినా విసుగు రాని పిల్లలకు, చెస్ ఆడే పిల్లలకు వెనక సీటు హాయిగా కుదురుతుంది. "నాకు విమానం నడపడమే కావాలి, తక్కినవన్నీ తర్వాత" అనేవాళ్లు వెనక కూర్చుంటే పదేళ్లూ కిటికీ వైపే చూస్తారు. నన్ను అడిగితే, ఫలానా పని కోసమే ఈ స్క్వాడ్రన్ కావాలి అనుకునేవాళ్లకు ఎన్ఏఓఓ, ఎగరడం కోసం ఏ స్క్వాడ్రన్ అయినా సరే అనేవాళ్లకు పైలట్. దరఖాస్తులో రెండూ పెట్టేవాళ్లు ప్రాధాన్యం ఏదో ముందే మనసులో తేల్చుకోవాలి, ఇంటర్వ్యూలో అది తప్పకుండా బయటపడుతుంది.

అమ్మాయిలకు రెండు సీట్లూ తెరిచే ఉన్నాయి. "ఏమన్నా, ఆడపిల్లని పంపొచ్చా?" అని అడిగే తల్లులకు చెప్పేది ఇది. 2019 డిసెంబరు 2న కొచ్చిలో నౌకాదళపు మొదటి మహిళా పైలట్‌గా శివాంగి రెక్కల బ్యాడ్జి పొందింది డోర్నియర్ మీదే. 2022 ఆగస్టు 3న పోర్‌బందర్ నుంచి అయిదుగురు మహిళా ఆఫీసర్లే సిబ్బందిగా ఉత్తర అరేబియా సముద్రం మీద గస్తీ పూర్తిచేశారు. పైలట్లు, టాకో, సెన్సర్ ఆఫీసర్ అందరూ అమ్మాయిలే. వెనక సీటులోకి అమ్మాయిలు వచ్చింది ఇంకా ముందే, 2009 నుంచి.

కింద నిలబడి ఎగరేసేవాళ్లు

ఒక విమానం గాల్లో ఉందంటే కింద దానికోసం పనిచేసేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. బీటెక్ మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ పిల్లలు టెక్నికల్ ఆఫీసర్లుగా వైమానిక విభాగంలోకి రావచ్చు. కొచ్చిలో నేవల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ టెక్నాలజీ ఉంది, ఆఫీసర్లకూ సెయిలర్లకూ విమానాల మరమ్మతు నేర్పేది అక్కడే. ఎగరాలనే మోజు లేక, యంత్రం అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇదే సరైన చోటు.

సెయిలర్‌గా అయితే ఇప్పుడు అగ్నివీర్ దారి. ఎస్‌ఎస్‌ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్) ఎంట్రీకి ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, లేదా డిప్లొమా. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ. మొదటి ఏడాది నెలకు 30,000, నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది కాబట్టి చేతికి వచ్చేది మొదట్లో 21,000. నాలుగేళ్లకు వడ్డీ కాకుండానే పది లక్షల చిల్లర చేతికి వస్తుంది, నలుగురిలో ఒకరిని మాత్రమే కొనసాగిస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అగ్నివీర్‌గా చేరితే విమానాల ట్రేడే ఇస్తారన్న హామీ ఏదీ లేదు. ఓడ మీదికీ పంపొచ్చు. విమానాల కోసమే అయితే, అందులోనూ నాలుగేళ్లే అయితే, మిగతా దారులు మూసుకున్నాకే దీని వైపు చూడండి. ఇష్టం నేవీ మీద అయితే మాత్రం మంచి అవకాశమే.

నేవీనా, కోస్ట్ గార్డా

మనవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, లేదంటే కోస్ట్ గార్డ్‌ను పోలీసు శాఖ అనుకుంటారు. కోస్ట్ గార్డ్ కూడా రక్షణ శాఖ కిందే ఉంది. 1977 ఫిబ్రవరి 1న మొదలై, 1978 ఆగస్టులో చట్టం వచ్చింది. పని వేరు. నేవీ వెతికేది యుద్ధ నౌకల్ని, జలాంతర్గాముల్ని. కోస్ట్ గార్డ్ చూసేది స్మగ్లింగ్, దొంగచాటుగా చేపలు పట్టేవాళ్లు, సముద్రంలో చమురు ఒలికిన చోట్లు, తుపానులో చిక్కుకున్న జాలర్లు. నేవీ గస్తీ దూరం, లోతు. కోస్ట్ గార్డ్ గస్తీ తీరానికి దగ్గర, మనుషులకు దగ్గర. 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాకు శ్రీహరికోట, పులికాట్ పక్క తీరం కూడా వచ్చింది. చెన్నై నుంచి లేచే కోస్ట్ గార్డ్ డోర్నియర్‌కు అదేమీ దూరం కాదు.

ఒక మనిషిని నీళ్లలోంచి కాపాడిన తృప్తి ఏ జలాంతర్గామి వేటలోనూ రాదు అని నా అభిప్రాయం. అలాంటి పని కావాలనుకునేవాళ్లు కోస్ట్ గార్డ్‌ను రెండో ఆప్షన్‌గా పెట్టుకోవడం నాకు నచ్చదు, మొదట్లోనే పెట్టుకోవాలి.

చదువు విషయంలో పెద్ద తేడా ఉంది, దీన్ని చాలామంది చూసుకోరు. నేవీ షార్ట్ సర్వీస్ పైలట్, ఎన్ఏఓఓ రెండింటికీ ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. బీఎస్సీ చదివిన పిల్లలకు అక్కడ చోటు లేదు. కోస్ట్ గార్డ్ అసిస్టెంట్ కమాండెంట్ జనరల్ డ్యూటీకి ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ ఉంటే చాలు. మన డిగ్రీ కాలేజీల్లో ఎంపీసీ, కంప్యూటర్స్ చదివేవాళ్లు ఇది తెలియక నేవీ నోటిఫికేషన్ చూసి నిట్టూర్చి వదిలేస్తున్నారు.

సెయిలర్ స్థాయిలో తేడా ఇంకా ఎక్కువ. కోస్ట్ గార్డ్‌లో అగ్నివీర్ పద్ధతి లేదు. ఇంటర్ ఎంపీసీతో నావిక్‌గా, పది తర్వాత ఎలక్ట్రికల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమాతో యాంత్రిక్‌గా చేరితే రెగ్యులర్ ఉద్యోగం. నావిక్ మూల వేతనం 21,700, యాంత్రిక్‌ది 29,200. వయసు 18 నుంచి 22. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఏ ఫ్యాక్టరీలో చేరాలా అని చూసే కుర్రాడికి యాంత్రిక్ కన్నా మంచి దారి ఈ మొత్తం వ్యాసంలో లేదు. పెన్షన్ మాత్రం చూసుకోండి: నేవీలో పర్మినెంట్ కమిషన్ వాళ్లకు ఉన్న పాత పెన్షన్, 2004 తర్వాత కోస్ట్ గార్డ్‌లో చేరినవాళ్లకు లేదు. అక్కడ నేషనల్ పెన్షన్ సిస్టమ్, అంటే ఎన్‌పీఎస్.

సరే, విమానాల సంగతి

అడక్కుండా ఎవరూ ఉండరు కాబట్టి చెప్తున్నా. పీ-8ఐ రెండు జెట్ ఇంజన్ల పెద్ద విమానం. ఎనిమిదింటికి 2009 జనవరిలో ఒప్పందం జరిగింది, తర్వాత ఇంకో నాలుగు కొన్నారు, మొత్తం పన్నెండు. అరక్కోణంలో 312 స్క్వాడ్రన్, గోవాలో 2022లో మొదలైన 316 స్క్వాడ్రన్ వీటిని నడుపుతున్నాయి. తీరం నుంచి 1,200 నాటికల్ మైళ్లు పోయి, అక్కడ నాలుగు గంటలు తిరిగి రాగలదు. లోపల వరసగా కన్సోల్‌లు. ఆయుధాలుగా టార్పెడోలు, హార్పూన్ క్షిపణులు. అమెరికా వాడే పీ-8ఏలో లేని ఒక వస్తువు మనవాటిలో ఉంది: తోక దగ్గర, జలాంతర్గామి ఇనుము వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును పట్టే మ్యాడ్ పరికరం. దీనికి ముందు అరక్కోణంలో రష్యా టీయూ-142లు ఉండేవి, 2017 మార్చిలో సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకటి వైజాగ్ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. లోపలికి ఎక్కి చూడొచ్చు. వైజాగ్ వెళ్లే పిల్లలు దాన్ని తప్పక చూడాలి, వెనక సీటు ఎంత ఇరుకో అప్పుడు తెలుస్తుంది.

డోర్నియర్ చిన్నది. కాన్పూర్‌లో హెచ్ఏఎల్ తయారుచేసేది. ప్రొపెల్లర్లు, లోపల గాలి ఒత్తిడి సర్దే ఏర్పాటు లేదు, కాబట్టి కిందుగానే ఎగురుతుంది, వేడీ మోతా రెండూ ఎక్కువ. కానీ కొత్తగా వచ్చిన ఆఫీసర్‌కు బాధ్యత తొందరగా దొరికేది చిన్న సిబ్బంది ఉన్న విమానంలోనే. పీ-8ఐ మీద మోజుతో డోర్నియర్‌ను తక్కువగా చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

మూడోది మనిషి ఎక్కనిది. ఎంక్యూ-9బీ డ్రోన్లు రెండింటిని 2020 చివర్లో అద్దెకు తెచ్చి అరక్కోణం నుంచే నడిపారు. 2024 సెప్టెంబరులో ఒకటి బంగాళాఖాతంలో పడింది. ఆ మరుసటి నెలే 31 డ్రోన్లకు ఒప్పందం కుదిరింది, అందులో 15 నేవీకి. వచ్చే పదిహేనేళ్లలో రొటీన్ గస్తీలో పెద్ద భాగం వీటికి పోతుందనే నా అంచనా. ముందు సీటు పని తగ్గొచ్చు. తెర చూసి ఏది ఏమిటో తేల్చే పని మాత్రం అలాగే ఉంటుంది, కాకపోతే గదిలో కూర్చుని చెయ్యాల్సి రావచ్చు. వెనక సీటును నేను ఎక్కువగా చెప్పడానికి ఇదొక కారణం.

ఊళ్ల విషయానికొస్తే, "అరక్కోణం కదా, వారానికొకసారి ఇంటికొచ్చేస్తాడు" అని లెక్క వేసుకునే తండ్రులు కాస్త ఆగండి. గోవా, వైజాగ్, కొచ్చి, పోర్‌బందర్, శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్), చెన్నై, ఎక్కడైనా పడొచ్చు, రెండు మూడేళ్లకోసారి మారొచ్చు. పీ-8ఐ సిబ్బంది విదేశాలకూ పోతారు. 2020లో ఫ్రాన్స్ వాళ్లతో కలిసి రీయూనియన్ దీవి నుంచి గస్తీ తిరిగారు, 2022లో ఆస్ట్రేలియా డార్విన్ వెళ్లారు.

ప్రమాదాల గురించి దాచడం నాకిష్టం లేదు. 2002 అక్టోబరు 1న గోవాలో ఐఎల్-38 అనే నౌకాదళ గస్తీ విమానాలు రెండు గాల్లో ఢీకొని అందులోని 12 మందీ పోయారు. 2015 మార్చిలో గోవా దగ్గర డోర్నియర్ సముద్రంలో పడి ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు, వాళ్లలో అబ్జర్వర్ లెఫ్టినెంట్ కిరణ్ షెఖావత్ ఒకరు. అదే ఏడాది జూన్ 8న చెన్నై నుంచి గస్తీకి లేచిన కోస్ట్ గార్డ్ డోర్నియర్ ముగ్గురితో కనిపించకుండా పోయింది. శకలాలు దొరికింది నెల దాటాకే. ఫైటర్లతో పోలిస్తే ఇది నెమ్మదైన ఎగరడమే, అయినా కింద ఉన్నది నీళ్లు.

మీరు ఇప్పుడు ఎక్కడున్నారు?

ఇంటర్ ఎంపీసీలో ఉంటే మొదట ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయండి, పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య వయసు. జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తారు కాబట్టి ఆ ర్యాంకుతో 10+2 బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి పెట్టండి. దానికి ఎంపీసీలో 70 శాతం, ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. ఎజిమలలోనే ఉచితంగా బీటెక్ చదివిస్తారు. ఈ రెండు దారుల్లో వచ్చేది పర్మినెంట్ కమిషన్, పెన్షన్ ఉన్నది. చేరాక విమానాల వైపు వాలంటీర్ కావాలి, దొరుకుతుందన్న హామీ లేదు. షార్ట్ సర్వీస్‌లో సీటు ఖాయం, కాలం తక్కువ. ఈ రెండు దారుల్లో కాలం ఖాయం, సీటు కాదు. ఇంటి పరిస్థితి స్థిరమైన ఉద్యోగం కోరుకుంటే షార్ట్ సర్వీస్ వదులుకోవడమే మేలు. కలికిరి సైనిక్ స్కూల్ పిల్లలకు ఈ దారి కొత్తేమీ కాదు. మామూలు కాలేజీ పిల్లలకు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

బీటెక్‌లో ఉంటే మూడో ఏడాదిలోనే నోటిఫికేషన్లు చూడటం మొదలుపెట్టండి, ఎందుకంటే పైలట్, ఎన్ఏఓఓలకు వయసు ఇరవై నాలుగు దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో ఒక ఏడాది గ్యాప్, ఒక ఏడాది గ్రూప్స్ ప్రిపరేషన్ అంటే అయిపోయినట్టే. ఎస్‌ఎస్‌బీ అయిదు రోజులు, మొదటి రోజే చాలామందిని ఇంటికి పంపేస్తారు. ఇంగ్లీషు పదాలు కంఠతా పట్టించే కోచింగ్‌కు డబ్బు పోయడం కన్నా, పది మంది ఫ్రెండ్స్ కూడి వారానికి రెండుసార్లు ఏదో ఒక విషయం మీద ఇంగ్లీషులో వాదించుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

చివరగా మెడికల్, అందులోనూ మన ప్రాంతానికే చెందిన ఒక మెలిక. కలర్ బ్లైండ్ ఉంటే ఎగిరే సీట్లు రెండూ రావు, ఇది ఏ కంటి డాక్టరైనా పది నిమిషాల్లో చెప్పేస్తారు, ఇంటర్‌లోనే చూపించుకోండి. రెండోది చెయ్యి. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడో, క్రికెట్ ఆడుతూనో మణికట్టో మోచెయ్యో విరిగి, పుత్తూరు కట్టు వేయించుకున్న పిల్లలు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. కట్టు బాగానే కుదిరి ఉండొచ్చు, నొప్పి లేకపోవచ్చు. కానీ సైనిక ఆసుపత్రి డాక్టరు మోచెయ్యి చాచమని కోణం కొలుస్తాడు, పాత విరుపు ఉందంటే ఎక్స్‌రే అడుగుతాడు. మీ దగ్గర ఆనాటి కాగితం ఒక్కటీ ఉండదు. అందుకని ఇప్పుడే ఎముకల డాక్టరు దగ్గరికెళ్లి ఎక్స్‌రే తీయించి, ఎముక సూటిగా అతుక్కుందో లేదో రాయించుకుని, ఆ కాగితం మార్కుల లిస్టులతో కలిపి పెట్టుకోండి. అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ గట్టెక్కిన తర్వాత మోచెయ్యి దగ్గర ఆగిపోయే కన్నా, కొన్ని వందలు ఖర్చయినా ముందే తెలుసుకోవడం నయం.